బాట్ సరిపోయిందంది, మాస్టారి లెక్క ఒప్పుకోలేదు: ఒక జీఎస్టీ రీకో కేస్ స్టడీ

"రోబో ఎంత ఎత్తుంటుందండీ? వెనక గదిలో ఏసీ లేదు మరి."

విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల డిస్ట్రిబ్యూటర్ ఒకాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నవ్వాపుకుని, అది కంటికి కనిపించే వస్తువు కాదండీ, మీ కంప్యూటర్లోనే ఉండే ప్రోగ్రామ్ అని చెప్పాను. ఆయన తప్పేం లేదు. రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్ (ఆర్పీఏ) అన్న పేరును 2012 ప్రాంతంలో బ్లూ ప్రిజం అనే బ్రిటన్ కంపెనీ ప్రచారంలోకి తెచ్చింది. అమ్ముకోవడానికి బ్రహ్మాండంగా పనికొచ్చిన పేరు. ఇలాంటి ప్రోగ్రాములు కట్టిపెట్టే మాకు మాత్రం ప్రతి క్లయింటు దగ్గరా మొదటి అరగంట ఆ పేరుకే పోతుంది. మనిషి స్క్రీన్ మీద ఏం చేస్తాడో, ఇక్కడ నొక్కి, అది కాపీ చేసి, అక్కడ పేస్ట్ చేసి, రెండూ ఒకటేనా అని చూసి, ఆ వరసని చెప్పింది చెప్పినట్టు చేసే ప్రోగ్రామ్ అది. మేం బాట్ అంటాం.

ఈ పని 2024 జనవరిలో మొదలైంది. ఆఫీసుకి రెండు జీఎస్టీ నంబర్లున్నాయి. విజయవాడ గోడౌన్‌ది 37తో, హైదరాబాద్ గోడౌన్‌ది 36తో మొదలవుతుంది. నెలకి 1,200 పైచిలుకు కొనుగోలు బిల్లులొస్తాయి. 2022 జనవరి 1 నుంచి చట్టం ఏం చెబుతోందో ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. సప్లయర్ తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఎక్కించి, ఆ బిల్లు మన 2బీలో, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో పోర్టల్ మనకి తయారుచేసి ఇచ్చే జాబితాలో, కనిపిస్తేనే మనకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు. 2బీ తర్వాతి నెల 14వ తేదీన వస్తుంది, పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్ 3బీ 20లోపు వెయ్యాలి. మధ్యలో ఉన్న ఆ ఐదారు రోజులూ ముగ్గురు కూర్చుని, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి తీసిన పర్చేజ్ రిజిస్టర్‌ని, 2బీ ఎక్సెల్‌ని పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొట్టేవాళ్ళు. ఈ సరిచూసుకోవడాన్నే రీకన్సిలియేషన్, ముద్దుగా రీకో అంటారు.

ఆ ముగ్గురిలో పెద్దాయన్ని అందరూ మాస్టారు అంటారు. ఒకప్పుడు సాయంత్రాలు కుర్రాళ్ళకి టాలీ నేర్పేవారట, ఆ పేరు అలా ఉండిపోయింది. రెండో మనిషి అకౌంట్స్ మేడమ్, పన్నెండేళ్ళుగా అదే కుర్చీ. మూడో వాడు బీకాం అయిపోయి ఆరు నెలల కిందటే చేరిన కుర్రాడు.

ఓనరు గారు ముగ్గురి ముందే తేల్చేశారు. "నాకు రెండే కావాలండీ. రాత్రి పెడితే పొద్దునకి అయిపోవాలి. ఒక మనిషి జీతం మిగలాలి." ఆ మాట వినగానే కుర్రాడు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అప్పట్నుంచీ వారం రోజులు వాడు నాకు కాఫీ కూడా తేలేదు.

మేడమ్ పక్కన నాలుగు రోజులు

బాట్ కట్టే ముందు ఆ పని ఎలా జరుగుతోందో కూర్చుని చూడాలి. ఈ రోజులకి డబ్బులిమ్మంటే ఏ క్లయింటుకైనా కోపమొస్తుంది. "ఏముందండీ, ఇది చూసి అది చూడటమేగా, వీడియో తీసి పంపిస్తాం" అంటారు. వీడియోలో మౌసు ఎటు కదిలిందో కనిపిస్తుంది గానీ ఎందుకు కదిలిందో కనిపించదు. నేను మాత్రం నాలుగు రోజులు మేడమ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

టాలీలో బిల్లు నంబరు 117 అని ఉంది. 2బీలో వీజేఏ/23-24/0117 అని ఉంది. మేడమ్ కన్ను ఆగలేదు, టిక్కు పడిపోయింది. "రెండూ ఒకటేనని ఎలా అనుకున్నారండీ?" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, "అదే కదండీ" అంది. తర్వాతి లైను 2బీలో లేనే లేదు. ఫోన్ చేస్తుందేమో అనుకున్నా, చెయ్యలేదు. "వీళ్ళు మూణ్ణెల్లకోసారి వేసేవాళ్ళండి, మూణ్ణెల్లూ అయ్యాక వస్తుంది" అంది. అయిదు కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళకి త్రైమాసిక రిటర్న్ వెసులుబాటు ఉంది కదా, ఆ సప్లయర్లలో ఎవరు ఆ దారిలో ఉన్నారో ఆమెకి నోటికొచ్చు. ఎక్కడా రాసి లేదు. ఇంకొకటి చూపించి, "ఇతను మళ్ళీ 36కి కొట్టాడు చూడండి, సరుకేమో ఇక్కడికొచ్చింది" అని నిట్టూర్చి, దాన్ని హైదరాబాద్ వాళ్ళ షీటులోకి ఎక్కించింది. రూపాయి లోపు తేడాలకి ఆగదు. అయిదు రూపాయల తేడా వస్తే ఆగుతుంది, ఫ్రెయిట్ కలిపారేమోనని అసలు బిల్లు తీసి చూస్తుంది.

నాలుగో రోజు సాయంత్రానికి నా నోట్‌బుక్కులో ముప్ఫై ఒక్క నియమాలు తేలాయి. అందులో మేడమ్ తనంతట తానుగా చెప్పినవి ఆరో ఏడో. మిగతావన్నీ ఆమె చెయ్యి చేస్తుంటే నేను ఆపి అడిగినవి.

ఇది చూపిస్తే ఓనరు గారు తేలిగ్గా అనేశారు: "ఇన్ని రాయడమెందుకండీ, మెల్లగా అదే నేర్చుకుంటుంది కదా?" చాట్‌జీపీటీ వచ్చాక ఈ అపోహ ఇంకా ముదిరింది. మేం పెట్టే ఈ రకం బాట్ ఏమీ నేర్చుకోదు. వెయ్యిసార్లు చేసిన పనిని వెయ్యిన్నొకటోసారి కూడా మొదటిసారి చేసినట్టే చేస్తుంది. బిల్లు కాగితాన్ని చదివి పెట్టే ఏఐని దానికి తగిలించొచ్చు, చాలాచోట్ల తగిలిస్తున్నారు. కానీ పన్ను క్రెడిట్ తేల్చే చోట "బహుశా ఇదీ అదీ ఒకటే కావచ్చు" అని ఊహించే ప్రోగ్రామ్‌ని నేను పెట్టను. రేపు ఆఫీసరు అడిగితే ఏ నియమం ప్రకారం క్రెడిట్ తీసుకున్నామో చూపించగలగాలి.

బాట్ కంటే ముందు చీపురు

మొదటిసారి పాత నెల డేటాతో తిప్పి చూస్తే నూటికి అరవై బిల్లులు కూడా కలవలేదు. ఓనరు గారి ముఖం మాడింది. తప్పు బాట్‌ది కాదు. ఒకే సప్లయర్‌కి టాలీలో మూడు లెడ్జర్లు (ఖాతాలు) ఉన్నాయి, ఒకటి పాత పేరుతో, ఒకటి అక్షరం తేడాతో, ఒకటి చివర "కొత్త" అని తగిలించి. కొన్నిటికి జీఎస్టీ నంబరే ఎక్కించలేదు. ఇంకొన్నిటికి 15 అక్షరాల్లో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు 'O' అక్షరం పడింది. మనిషి కంటికి రెండూ ఒకటే, బాట్‌కి భూమికీ ఆకాశానికీ ఉన్నంత దూరం.

మరో విచిత్రం కూడా దొరికింది. ఒక సప్లయర్ బిల్లు నంబర్లు 3-12, 4-12 అని ఉంటాయి. కుర్రాడు టాలీ డేటాని సీఎస్‌వీగా తీసి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తున్నాడు. ఎక్సెల్ వాటిని డిసెంబరు 3, డిసెంబరు 4 అనుకుని తేదీలుగా మార్చేస్తోంది. ఇది మన అకౌంట్స్ వాళ్ళ తలనొప్పి మాత్రమే అనుకోకండి. ఎక్సెల్ ఇలాగే తేదీలుగా మార్చేస్తోందని జన్యుశాస్త్రవేత్తలు 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు, సెప్ట్1 అనేది సెప్టిన్1 అయింది. వాళ్ళంతటివాళ్ళే ఎక్సెల్‌కి తలవంచారంటే మనమెంత.

అందుకని మూడు వారాలు లెడ్జర్లు ఊడ్చుకున్నాం. బాట్ రాయడానికి పట్టింది రెండు వారాలే. ఈ లెక్క నేను ప్రతి క్లయింటుకీ ముందే చెబుతాను, ఎవరూ నమ్మరు. ఉన్న పనిని ఉన్నట్టుగా బాట్ చేతికిస్తే చాలనుకుంటారు. గజిబిజి పనిని అలాగే ఇస్తే అదే గజిబిజి ఇంకా వేగంగా తయారవుతుంది.

కాప్చా, టాలీ, ఓ అర్ధరాత్రి

"రాత్రి పెడితే పొద్దునకి" అన్న కోరిక జీఎస్టీ పోర్టల్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లాగిన్‌లో కాప్చా ఉంటుంది. అది పెట్టిందే మాలాంటి వాళ్ళ ప్రోగ్రాములు లోపలికి రాకూడదని. దాన్ని దాటించే దొంగదారులు అమ్మేవాళ్ళున్నారు. క్లయింటు పన్ను లాగిన్‌ని నేనలాంటి వాళ్ళ చేతిలో పెట్టను. కాబట్టి 14న సాయంత్రం కుర్రాడు లాగిన్ అయి, కాప్చా కొట్టి, 2బీ ఫైలు దించుతాడు. ఆ ఫైలు జేసన్ (ప్రోగ్రాములు నేరుగా చదివే ఫైలు) రూపంలో తీసుకుంటాం. అందులో తేదీల గొడవ ఉండదు. అక్కడి నుంచి బాట్ అందుకుంటుంది. మొత్తం మనిషి లేకుండా జరగాలని పట్టుబట్టినచోటే ఈ ప్రాజెక్టులు ఎక్కువగా చెడిపోతాయి.

టాలీ సంగతి వేరు. మామూలు విండోస్ ప్రోగ్రాముల్లో బటన్‌ని, పెట్టెని విడివిడిగా గుర్తుపట్టి నొక్కించొచ్చు. టాలీ స్క్రీన్ అంతా బాట్‌కి ఒకే బొమ్మలా కనిపిస్తుంది. కీబోర్డ్ షార్ట్‌కట్లతో నెట్టుకురావచ్చు, మొదట్లో నేనూ అదే చేశాను, మధ్యలో ఒక పాప్-అప్ వస్తే చాలు కథ కంచికి. చివరికి ఆ దారి వదిలేశాం. టాలీకి 9000 పోర్టులో ఎక్స్‌ఎంఎల్ రూపంలో అడిగితే, స్క్రీన్‌తో పనిలేకుండా నేరుగా డేటా ఇచ్చే సదుపాయం ఉంది. గుమ్మం ఉండగా గోడ దూకడమెందుకు? మీ ఆఫీసులో ఏ పనికైనా ఆర్పీఏ వాడాలనుకుంటే ముందు ఇది అడగండి: ఆ సాఫ్ట్‌వేర్ నేరుగా డేటా ఇస్తుందా? ఇస్తే స్క్రీన్ మీద నొక్కే బాట్ అక్కర్లేదు. నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నట్టుంది గానీ నిజమిది.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెప్తా. మైక్రోసాఫ్ట్ వాళ్ళు పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ని 2021 మార్చి నుంచి విండోస్ 10 వాళ్ళకి ఉచితంగా ఇస్తున్నారు. ఓనరు గారు అది ఎక్కడో చదివి, "ఫ్రీ అటగా" అన్నారు. ఫ్రీనే, మనిషి కూర్చుని మొదలుపెట్టేంత వరకు. దానంతటదే టైముకి లేచి నడవాలంటే లైసెన్స్ కొనాలి. మేం కొనలేదు. కుర్రాడు ఎలాగూ కాప్చా కొట్టడానికి కూర్చుంటున్నాడు, ఆ చేత్తోనే బాట్‌ని కూడా మొదలుపెడతాడు.

ఒక రాత్రి మాత్రం నేను హైదరాబాద్‌లో మా ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో దాన్ని నడిపిస్తూ, నిద్రొస్తోందని ఆ విండోని మినిమైజ్ చేసి పడుకున్నాను. పొద్దున చూస్తే సప్లయర్లకి మెయిళ్ళు పంపే భాగం మొదటి క్లిక్ దగ్గరే నిలబడి ఉంది. రిమోట్ విండోని కిందికి దించితే అవతల స్క్రీనే గీయబడదు, లేని స్క్రీన్ మీద బాట్ దేన్ని నొక్కుతుంది? ఇది ఈ వృత్తిలో మొదటి సంవత్సరం వాడికి తెలియాల్సిన విషయం. నాకది ఏడో సంవత్సరం.

మాస్టారి పెన్సిలు

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మూడు నెలలూ బాగా నడిచింది. మూడో నెలకి నూటికి ఎనభై అయిదు పైన వాటంతటవే కలిసిపోతున్నాయి. ఐదారు రోజుల పని ఒక పూటకి దిగింది. ఓనరు గారు స్నేహితులకి నా నంబరు ఇవ్వడం మొదలుపెట్టారు.

మే నెలలో, అంటే ఏప్రిల్ బిల్లుల రీకోలో, మాస్టారు నాకు ఫోన్ చేశారు. ఆయనకో అలవాటుంది. బాట్ రాకముందు నుంచీ, 2బీ రాగానే ముఖ్యమైన సప్లయర్ల పన్ను మొత్తాలు పెన్సిల్‌తో ఒక పొడుగు కాగితం మీద వేసుకుంటారు. నేనది చూశాను, ఓ పాతకాలపు అలవాటు అనుకుని నోట్‌బుక్కులోకి ఎక్కించలేదు.

"బస్తాలో ఉన్నవాటికంటే కొలిచినవి ఎక్కువెలా అయ్యాయయ్యా?" అన్నారు.

ఒక ఫ్యాన్ల సప్లయర్ దగ్గర బాట్ "కలిసింది" అని చూపించిన క్రెడిట్, 2బీలో ఆ సప్లయర్ పేర ఉన్న మొత్తం కంటే 15,120 రూపాయలు ఎక్కువగా ఉంది. అంకె చూడగానే మాస్టారికి అర్థమైపోయిందట: స్కీము లాటు, 60 ఫ్యాన్లు, ఒక్కోటి 1,400, మొత్తం 84,000, దాని మీద 18 శాతం.

జరిగిందిది. ఆ సప్లయర్ కొత్త ఆర్థిక సంవత్సరం నుంచి రెండో కౌంటర్ తెరిచి, ఏ సిరీస్, బీ సిరీస్ అని రెండు బిల్లు పుస్తకాలు పెట్టాడు. రెండూ ఏప్రిల్ 1న ఒకటో నంబరుతో మొదలయ్యాయి. మనవాళ్ళు స్కీము సరుకు రెండు లాట్లు కొన్నారు. ఒకటి ఏ/17, ఒకటి బీ/17, రెండూ ఒకే మొత్తం. ఆ సప్లయర్‌కి ఈ-ఇన్వాయిస్ (బిల్లు దానంతటదే రిటర్న్‌లోకి ఎక్కే పద్ధతి) లేదు, బిల్లులు చేత్తో ఎక్కిస్తారు, ఏ/17 ఎక్కించడం మరిచిపోయారు. 2బీలో బీ/17 ఒక్కటే ఉంది.

నేను పెట్టిన నియమం ఏమిటంటే, బిల్లు నంబరులో చివరి గీత తర్వాతి అంకెలు తీసుకో, ముందున్న సున్నాలు తీసెయ్యి, సప్లయర్ జీఎస్టీ నంబరు, మొత్తం కలిస్తే చాలు. వీజేఏ/23-24/0117ని 117తో కలపడానికి పెట్టిందే అది. బాట్ మన ఏ/17ని తీసుకుని 2బీలోని బీ/17తో కలిపింది. తర్వాత మన బీ/17ని తీసుకుని మళ్ళీ అదే బీ/17తో కలిపింది. ఒకసారి వాడిన లైనుని మళ్ళీ వాడొద్దని దానికెవరూ చెప్పలేదు. నేను పరీక్షకి పెట్టిన పాత నెలల డేటాలో ఇలాంటి జంట ఒక్కటీ లేదు, కాబట్టి పరీక్ష నెగ్గింది.

ఫోన్ పెట్టేశాక మేడమ్‌ని అడిగాను, మీరైతే ఇలా పొరబడేవారా అని. "ఎందుకు పొరబడతామండీ, ఒకసారి టిక్కు కొట్టిన లైను మీద మళ్ళీ కొట్టం కదా" అంది. నాలుగు రోజులు ఆమె పక్కన కూర్చున్నాను. ప్రతి టిక్కూ కళ్ళారా చూశాను. టిక్కు అంటే "ఇది అయిపోయింది, ఇక దీన్ని ముట్టుకోకు" అని కూడా అర్థం అన్న సంగతి నాకు తట్టలేదు, ఆమెకి చెప్పాలని అనిపించలేదు. ముప్ఫై రెండో నియమం అదీ.

3బీ ఇంకా వెయ్యలేదు కాబట్టి నష్టమేం జరగలేదు. వేసేసి, ఆ క్రెడిట్ వాడేసి ఉంటే 18 శాతం వడ్డీతో కట్టాల్సి వచ్చేది. డబ్బు పెద్దది కాదు, నిజమే. నన్ను కలవరపెట్టింది వేరే. బాట్ రిపోర్టులో ఆ రెండు లైన్లూ ఆకుపచ్చగా ఉన్నాయి. మనిషి పొరబడిన చోట కొట్టివేత, ప్రశ్నార్థకం, ఏదో ఒక తడబాటు మిగులుతుంది. బాట్ పొరపాటుకి అలాంటి ఆనవాలేదీ ఉండదు. "మిషన్ కదండీ, తప్పు చెయ్యదు" అనే మాట నేను కూడా ఒకప్పుడు క్లయింట్ల దగ్గర వాడినవాణ్ణే.

రెండు మార్పులు చేశాం. 2బీలో ఒక లైను ఒకసారి కలిస్తే అది పక్కకి వెళ్ళిపోతుంది. రెండోది మాస్టారి పెన్సిలు కాగితమే. సప్లయర్ వారీగా కలిసిన మొత్తం 2బీ మొత్తాన్ని దాటితే ఆ సప్లయర్ షీటు అంతా ఎర్రబడి ఆగిపోతుంది, మనిషి చూసేదాకా కదలదు. ఆ ట్యాబ్‌కి "మాస్టారు" అని పేరు పెట్టాను. ఆయన కాగితం మీద వేసుకోవడం మాత్రం మానలేదు, మానమని నేనూ అనలేదు.

మిగిలిన జీతం

ఒక మనిషి జీతం మిగలలేదు. ఓనరు గారు ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తుచేస్తారు. కుర్రాడు ఇప్పుడు కలవని బిల్లుల జాబితా పట్టుకుని సప్లయర్లకి ఫోన్లు చేస్తాడు. "సార్, మీ జీఎస్టీఆర్-వన్‌లో మా బిల్లు ఎక్కలేదండీ, పదకొండో తారీఖులోపు చూసుకోండి." ఇదివరకు ఈ ఫోన్లు చేసే తీరిక ఎవరికీ ఉండేది కాదు, నెలల తరబడి క్రెడిట్ అలా వేలాడుతూ ఉండేది. వాడిప్పుడు నాకు కాఫీ తెస్తాడు, పంచదార ఎక్కువేసి.

"ఒకసారి కడితే అయిపోయింది" అన్న భ్రమని 2024 అక్టోబరే వదలగొట్టింది. పోర్టల్‌లో ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టం వచ్చింది. వచ్చిన ప్రతి బిల్లునీ ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్‌లో పెట్టొచ్చు. 14 తర్వాత ఏదైనా మారిస్తే 2బీని మళ్ళీ లెక్క కట్టించాలి. అంటే మేం దించిన ఫైలు పాతదైపోవచ్చు. ఓనరు గారు వెంటనే, "అన్నిటికీ యాక్సెప్ట్ నొక్కేలా బాట్‌కి చెప్పెయ్యండి" అన్నారు. ఏమీ నొక్కకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క, దానికి బాట్ దేనికండీ అన్నాను. రిజెక్ట్ నొక్కడమంటారా, అది సప్లయర్‌తో తగువు. తగువు ఎవరితో పెట్టుకోవాలో, ఎవరితో పెట్టుకోకూడదో మేడమ్‌కి తెలుసు. ఆ బటన్ ఆమె చేతిలోనే ఉంచాం. బాట్ జాబితా మాత్రమే తయారుచేసి ఇస్తుంది.

2025 మే 15 ఉదయం ఎనిమిదింటికి మేడమ్ ఫోన్. "ఏవండీ, మీ రోబోకి మళ్ళీ జ్వరమొచ్చింది. నలభై ఒక్క బిల్లులు కలవనివాటిలో పడేసింది, అన్నీ ఒకే పార్టీవి." తెరిచి చూస్తే, ఆ పార్టీ కొత్త సంవత్సరం నుంచి బిల్లు నంబరులో గీతలన్నీ తీసేసి 25260017 అని ఏకబిగిన రాయడం మొదలుపెట్టింది. టాలీలో మనవాళ్ళు ఎప్పట్లాగే 17 అని కొట్టుకుంటూ పోయారు.

"చూస్తే తెలియట్లేదా అండీ, అదే కదా ఇదీ," అంది ఆమె. "అదే కదా" అన్న మాట వినగానే నోట్‌బుక్కు తీశాను.